ఎండకని కుట్టిన నార అంగీ

దేవునికి స్తోత్రం. తోటలోంచి వెళ్లగొట్టే ముందు ఆ మొదటి మనుషులిద్దరినీ దగ్గరికి తీసుకుని, తన చేతులతో చొక్కాయిలు చేసి తొడిగించిన దేవునికి స్తోత్రం. కోపంలో కూడా మనిషిని ఉత్త ఒంటితో బయటికి పంపని తండ్రికి, ఎండనూ నీడనూ చేసినవానికి, ఇచ్చినప్పుడూ అడిగినది ఇవ్వనప్పుడూ మహిమ కలుగును గాక. ఈ మాటలు ముందు చెప్పకుండా నేను ఏ సంగతీ మొదలుపెట్టలేను. సంఘంలో సాక్ష్యానికి లేచినప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

నేను కోరుట్లలో పెరిగాను. మా అమ్మ బీడీలు చుడుతూనే నాకూ తమ్ముడికీ వాక్యం కంఠతా పట్టించింది. పెళ్లయి సిరిసిల్ల వచ్చాను. అత్తగారిల్లు నేతవాళ్లది. మా మామ చేతిమగ్గం మీద మొదలుపెట్టి, తర్వాత సాంచల మీదికి మారాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచలనే అంటారు. మా ఆయనకు ఊహ తెలిసినప్పటి నుంచి సాంచల చప్పుడే. పెళ్లయిన కొన్నేళ్లకు ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. మామ మాత్రం మార్కండేయుడి పటం ముందు దీపం పెట్టడం ఏనాడూ మానలేదు. నేను ఒక గదిలో మోకరిస్తే ఆయన ఇంకో గదిలో అగరొత్తి వెలిగించేవాడు. కొట్లాటలు లేవు గానీ ఎత్తిపొడుపులు మాత్రం ఉండేవి.

"మీ దేవునికి చెవుడా బిడ్డ, గంత గట్టిగ ఒర్లుతున్నరు?" అనేవాడు.

"మీ దేవునికి గంట కొడితెనే ఇనవడ్తది గద మామా," అనేదాన్ని.

సాంచలు ఆగిపోయిన ఏడు మా వీధికే చెవుడు వచ్చినట్టయింది. అంతకాలం ఆ మోతలో అరుచుకుంటూ బతికిన మనుషులం, చప్పుడు లేకపోయేసరికి మాట్లాడుకోవడానికి భయపడ్డాం. కొందరు మగ్గాల పని వెతుక్కుంటూ భీవండి పోయారు. మా ఆయన జగిత్యాల పోయి, పరదేశానికి పంపే ఒక ఏజెంటును పట్టుకున్నాడు. తోటపని అని చెప్పి తీసుకుపోయి ఎడారిలో గొర్రెల వెంట విడిచిపెట్టారు. నీడలో నేసే పని తప్ప ఎరుగని మనిషి. వాళ్లిచ్చిన పాలిస్టర్ బట్టలే పగలూ రాత్రీ. మెడ, చేతులు, చెవుల వెనక చర్మం కాలి ఊడి, మళ్లీ వచ్చి మళ్లీ కాలింది. కడకు ఎండ పొడ తాకితే చాలు, పొక్కులు లేచే స్థితికి వచ్చాక వెనక్కి పంపేశారు.

వచ్చిన మనిషి ఇంట్లోకి వచ్చాడు గానీ బయటికి రాలేదు. ఖాళీ అయిన సాంచల గదిలో కిటికీకి గోనెసంచి కట్టుకుని పడుకునేవాడు. ఆదివారం ఆరాధనకు రమ్మంటే, "ఎండ తగ్గినంక చూద్దాం తియ్యి," అనేవాడు. ఎండ తగ్గిన తర్వాతా లేచేవాడు కాదు. మా వీధిలో అప్పటికే కొందరు మగవాళ్లు అలాంటి గదుల్లోనే ప్రాణం తీసుకున్నారు. ఒకరోజు మామ గదిలోకి పోయి, సాంచల పట్టాలు, తాళ్లు, ఏ దూలానికి ఏం వేలాడుతుంటే అది తీసి, మూట కట్టి అటక మీద పెట్టాడు. నేను చూశాను. ఎందుకని అడగలేదు.

తలమీద నా శాలువా కప్పి ఆయనను జగిత్యాలకు, చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరమ్మ పూత మందు రాసిచ్చి, పాలిస్టర్ ఒంటికి తగలనీయొద్దంది. మెడ నుంచి మణికట్టు దాకా వదులుగా, గాలి ఆడే బట్ట వేసుకోవాలి. లోపలి అతుకులు కూడా గరుకుగా ఉండొద్దు. అలా అయితే మెల్లగా ఎండలో తిరగొచ్చంది. పాలిస్టర్ నేసిన ఊరు మాది, పాలిస్టర్ నేసిన ఇల్లు మాది.

అదే వారం మా తమ్ముడు వచ్చాడు. కోరుట్ల దగ్గర ఒక మామిడితోటను కాపు మీద పట్టుకున్నాడు. గుమ్మంలో నిలబడే ఆ చీకటి గదిలోకి కేక వేశాడు.

"బావా! తోటల కోతులు, మనుషులు పోటీ వడి తెంపుతున్నరు. కోతులన్న నయం, సంచులు తెచ్చుకోవు. నువ్వచ్చి కూసుంటె నాకు ధైర్యం."

"ఎండల నేనేడ తిరుగుత?" అని లోపలి నుంచి జవాబు వచ్చింది.

తోట కాపలా అంటే పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా తిరగాలి. తిరగగలిగితే ఆయన ఇక్కడే, మనుషుల మధ్య ఉంటాడు. తిరగలేకపోతే ఆ గదే. ఆ గది తర్వాత ఏమిటన్నది నేను ప్రార్థనలో కూడా పైకి అనలేదు. దేవునికి తెలుసు కదా అని ఊరుకున్నాను.

బట్ట దొరికింది కూడా మా ఇంట్లోనే. సాంచలు ఆగడానికి ముందు ఏడాది, మా వీధిలో సాంచలున్న ఆసామి ఒకాయన లినెన్ నూలు తెప్పించి సాంచల మీద ఎక్కించాడు. అవిసె నారతో వడికే నూలు అది. వాక్యంలో యాజకుల బట్టలకు చెప్పిన సన్నపు నార అదే. మా ఎండలకు అది పొడిబారి టపటప తెగిపోయేది. చుట్టూ తడి గోనెలు వేలాడదీసినా నిలవలేదు. ఆయన విసిగి నూలు వాపసు పంపి, నేసినంత మేర ముక్కను, ముళ్లతో గరుకులతో ఉన్నదాన్ని, పనిచేసిన మామ చేతిలో పెట్టాడు. ఏడెనిమిది మీటర్లుంటుంది. అటక మీది నుంచి మామ దాన్ని దించి నా ముందు పడేశాడు. నేసినప్పటి గంజి దానిలో అలాగే ఉంది. అట్టలా నిలబడింది.

"గీ బట్టతోటి అంగీ కుడ్తవా? ఇప్పటి అంగీ కాదు బిడ్డ. మా తాత తొడిగేటిది కుట్టు," అన్నాడు.

వాళ్ల తాత నేసిన చీరలు మూటకట్టుకుని కోరుట్ల సంతకూ జగిత్యాల సంతకూ కాలినడకన పోయేవాడట. ఆ నడకకు తొడిగే అంగీ అది. గుండీలు ఉండవు. ముందు పొరలు రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చి, పక్కన బొందెలతో ముడిపడుతుంది. మోకాళ్లు దాటే పొడవు. మామ భుజం మీది తువ్వాల తీసి చాప మీద మడిచి మడిచి చూపించాడు. ఇందులో వంపు కోతలే లేవు. నేతవాడు తాను నేసిన బట్టలో పీలికంత కూడా పారెయ్యడు కాబట్టి, అన్నీ నాలుగు మూలల ముక్కలే. పొడుగు ముక్క ఒకటి భుజాల మీద మడత పడి ముందూ వెనకా అవుతుంది. భుజం మీద అతుకు ఉండదు. చేతులకు రెండు ముక్కలు. చెయ్యి పైకెత్తినా పట్టెయ్యకుండా చంక కింద చిన్న చదరం. నడకకు అడ్డం రాకుండా పక్కల కోణాలు; వాటిని కూడా ఒకే ముక్కను ఏటవాలుగా కోసి రెండు చేస్తారు. దానికి నేను మెడ చుట్టూ నిలబడే పట్టీ ఒకటి కలుపుతానన్నాను. మెడే ఎక్కువ కాలింది ఆయనకు.

"మా తాతకు మెడపట్టీ లేదు," అన్నాడు మామ.

"మీ తాత ఎడారికి పోలే మామా."

మామ తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

కత్తెర పెట్టే ముందు బట్టను ఒకసారి నానబెడదామని బకెట్ తెచ్చాను. మామ లేచి బకెట్‌కు కాలు అడ్డం పెట్టాడు.

"ముంచకు."

"గంజి పోతది గద మామా. మెత్తవడ్తది."

"కుట్టని తెల్ల బట్టను నీళ్లల్ల ముంచేది పీనుగు మీద కప్పేతందుకే. నా ఇంట్ల ముంచొద్దు."

"మా నమ్మకంల గవి లేవు మామా."

"నీకు లేవు బిడ్డ. నాకున్నయి. తొడిగేటోడు నా కొడుకు."

తాళ్లు దాచిన మనిషితో నేను వాదించలేకపోయాను. పైగా మా చేతులకు పాలిస్టరే అలవాటు. దాన్ని ఎన్నిసార్లు ఉతికినా దారం మందం కూడా ముడుచుకోదు. బట్ట ముడుచుకుంటుందన్న సంగతి మా ఇంట్లో అందరం మరిచిపోయాం. బకెట్ పక్కకు జరిపాను.

మిషను మీద కుట్టలేదు. మిషను దారం పాలిస్టరే, పైగా లోపలి అతుకు గీరుతుంది. బట్ట అంచు నుంచి ఒక పోగు లాగితే అక్కడ సన్నని గీత పడుతుంది. ఆ గీత మీదే కోశాను. లాగిన పోగులనే దారంగా వాడాను. అవి తెగకుండా, క్రిస్మస్‌కు మిగిలిన కొవ్వొత్తి ముక్క మీద గీకి మైనం పట్టించాను. ప్రతి అతుకూ రెండుసార్లు కుట్టాలి. మొదట రెండు ముక్కలు కలిపి, తర్వాత అంచులను లోపలికి మడిచి బట్టకు చదునుగా పరిచి, మళ్లీ సన్నగా. వేలు పెట్టి రుద్దితే ఎక్కడా తగలకూడదు. గంజి పట్టిన నార కదా, సూది దిగేది కాదు. వేళ్ల కొసలు చిట్లి బట్టకు మరకలు పడేవి. ఉమ్ముతో తుడిచి మళ్లీ కుట్టేదాన్ని.

స్త్రీల ప్రార్థన ఆ వారం మా ఇంట్లో పెట్టుకున్నాం. పాట పాడుతూనే ఒకరు చెయ్యి, ఒకరు పక్క ముక్క అందుకున్నారు. అందరూ నేత ఇళ్లవాళ్లే, చేతులు ఊరుకోవు.

"అక్కా, గిది ప్రధాన యాజకుని అంగీ లెక్కనే ఉన్నది. అంచులకు గంటలు పెడ్తవా?" అంది ఒకామె.

"పెట్టు పెట్టు. తోటల కోతులు ఉరుకుతయి," అంది ఇంకొకామె.

అందరం నవ్వాం. సాంచల గదిలో మంచం కిర్రుమంది. ఆయన వింటున్నాడని నాకు తెలిసింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినిపించింది. ఆ సాయంత్రం ఆయన తనంతట తానే వచ్చి, చెయ్యి చాపి, "కొలువు," అన్నాడు. నేను కొలిచాను. ఆయన చేతులు ఎంత సన్నబడ్డాయో అప్పుడే తెలిసింది.

అంగీ పూర్తయింది. తెల్లగా, బిరుసుగా, చేతులు వేలి కణుపుల దాకా, పొడవు మోకాళ్లు దాటి. తొడుక్కుని మధ్యాహ్నం పూట గుమ్మం దాటాడు. పక్కింటాయన చూసి కేకేశాడు: "ఏందిరో, ఒగ్గుకథ ఏడున్నది ఇయ్యాల?"

"మీ ఇంట్లనే. డోలు తీస్కరా," అన్నాడు మా ఆయన.

మామ లోపలికి పోయి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

ఇద్దరం కోరుట్ల పోయి తోటలో గుడిసెలో దిగాం. వారం రోజులు ఆయన ఎండలో తిరిగాడు. మెడ మీద కొత్త పొక్కు లేవలేదు. ఉదయం ప్రార్థనకు నాకంటే ముందు లేచాడు. నేను ప్రభువుకు ఎన్ని స్తోత్రాలు చెప్పానో. చెమటకు బిగుసుకుపోయిన అంగీని అప్పుడు బావి దగ్గర నీళ్లలో నానబెట్టి, ఉతికి, తీగ మీద ఆరేశాను.

ఆరిన అంగీ మరో మనిషిదిలా ఉంది. పొడవు మోకాళ్ల పైకి పోయింది. చేతులు మణికట్టు దాటి పైకి ఎగిశాయి. ఆయన అదే తొడుక్కుని పోయాడు. ఏం కాదులే అన్నాడు. మధ్యాహ్నానికి రెండు మణికట్టుల చుట్టూ గాజులు తొడిగినట్టు ఎర్రగా పొక్కులు. వచ్చి గుడిసెలో మూలకు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం ముట్టలేదు. తెల్లారి తలుపు తడికకు నా చీర అడ్డం కట్టుకున్నాడు. సిరిసిల్ల గది ఇక్కడికే వచ్చినట్టయింది.

"నా ఒంటికి ఎండ కూడ వద్దన్నది. బట్ట కూడ వద్దన్నది. నువ్వెందుకు గింత గోస వడ్తున్నవ్?" అన్నాడు. కోపంగా కాదు, మెల్లగా.

తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు. "అక్కా, ఇంటికి తీస్కపో. ఈడ ఏమన్న అయితే..." అని ఆగిపోయాడు.

నేను మామకు ఫోన్ చేసి, మిగిలిన బట్ట కావాలని మాత్రం చెప్పాను. ఆయన పొద్దున బస్సెక్కి మధ్యాహ్నానికల్లా తోటకు చేరాడు. చంకలో మిగిలిన లినెన్ మూట. అంగీ చేతులు పట్టుకుని చూశాడు, కొడుకు మణికట్టులు చూశాడు. మూట విప్పి, నేరుగా బావి దగ్గరికి పోయి, ఆ కుట్టని తెల్ల బట్టను తన చేతులతోనే నీళ్ల తొట్టిలోకి అదిమాడు. అది తేలుతుంటే మళ్లీ అదిమాడు. పెదవులు కదులుతున్నాయి. ఆయన తన దేవుణ్ని పిలుస్తున్నాడు, నేను గట్టు మీద నా దేవుణ్ని. సాయంత్రం దాకా నానిన బట్టను ఇద్దరం చెరో కొస పట్టుకుని పిండాం.

"ఇగ కుట్టు," అన్నాడు.

బట్ట ఆరాక చేతులకు కింద, అంచు చుట్టూ ఒక్కో పట్టీ కలిపాను. పాతది ఎండకు పాలిపోయింది, కొత్తది వేరే తెలుపు. మా ఆయన లేవలేదు. మామే లోపలికి పోయి, "నువ్వు తొడుగుకోకుంటె నేను తొడుగుకోని కోతుల ఎంట వడ్త. నా వయసుకు సిగ్గు లేదు," అన్నాడు. తర్వాత లోపలి నుంచి బొందె ముడి వేస్తున్న చప్పుడు.

కాయ దిగే దాకా ఆ అంగీ మా ఆయన ఒంటి మీదే ఉంది; మామ కూడా తోటలోనే ఉండిపోయాడు. తోటల దారిలో పోయేవాళ్లు ఫకీరు అన్నారు, నాటకమోడు అన్నారు. ఆయనకు పట్టలేదు. ఆదివారం కోరుట్ల సంఘానికి ఆ అంగీతోనే వచ్చి, లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. పాస్టరు అయ్యగారు కన్నీళ్లతో ప్రార్థన చేశారు. నా భర్తను నాకు తిరిగి ఇచ్చావని ఆ రోజు నేను దేవునితో అన్నాను.

చివరి లోడుతో ఆయన జగిత్యాల మామిడి మార్కెట్టుకు పోయాడు. మరునాడు వచ్చి, కాళ్లు కడుక్కుని, ఎదురుగా కూర్చున్నాడు.

"పోతున్న," అన్నాడు.

"ఏడికి?"

"గాడికే. ఎనుకటి ఏజెంటు కలిసిండు. గొర్ల పనే. కాని ఇప్పుడు ఎండ తట్టుకుంటున్న గద."

"తట్టుకుంటున్నవని ఈడ ఉండమన్న గని, మళ్ల గాడికి పొమ్మన్ననా?"

"కాయ అయిపాయె. ఇగ ఈడ ఏమున్నది జెప్పు? సిరిసిల్ల పోయి మళ్ల గా గదిలనే పండుకోవాల్నా?"

ఆ గది అన్న మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదటిసారి. బతకడానికే పోతున్నానని ఆయన, బతికినవాడు వెళ్లిపోతున్నాడని నేను. మామ గోడకు ఆనుకుని, "నీ చేతులు గట్టియి బిడ్డ," అని మాత్రం అన్నాడు. అది మెచ్చుకోలో నిందో నాకు తెలియలేదు. మామ నానబెట్టిన బట్టలో మిగిలినదానితో రెండో అంగీ కుట్టి ఇచ్చాను. కుడుతున్నంతసేపూ ప్రార్థించాను. ఆయనను ఆపమని అడగడానికి మాత్రం నోరు రాలేదు.

మొదటి నెలల్లో అక్కడి సెలవు రోజున, శుక్రవారం శుక్రవారం ఫోన్‌లో మాట్లాడేవాడు. అంగీ చూసి అక్కడివాళ్లు నవ్వుతున్నారని, తర్వాత ఇంకొకాయన తనకూ కావాలన్నాడని చెప్పాడు. ఎండలు ముదిరాక మందను లోపలికి, దూరానికి తోలుకుపోతున్నామని, అక్కడ ఫోన్ పనిచేయదని ఒక్క మాట పంపాడు. ఆ తర్వాత శుక్రవారాలు వస్తున్నాయి, పోతున్నాయి. ఏజెంటు ఓపిక పట్టమంటాడు. ఆఫీసులకు తిరిగాం, వాళ్లూ అదే అన్నారు. వాన పడి వెళ్లింది, చలి వచ్చింది. ఏ కబురూ లేదు, చెడ్డది కూడా. పొద్దుగూకగానే మామ అడుగుతాడు, "మోగిందా బిడ్డ?" లేదంటే లేచి దీపం పెట్టుకుంటాడు. ఇప్పుడు ఇద్దరి ప్రార్థనా ఒకే గదిలో జరుగుతోంది. ఎత్తిపొడుపులు లేవు.

అయినా నేను దేవుణ్ని స్తుతించడం ఆపలేదు. ఆపితే నాకు నిలబడే చోటు లేదు.

ఇది చదువుతున్నవాళ్లు మీరు ఎవరైనా, దేవుణ్ని ఏ పేరుతో పిలిచినా, చేతిలో పని ఒక్క నిమిషం ఆపి నాతో కలిసి ఈ మాటలు అనండి. తండ్రీ, ఇసుకలో మందల వెనక నడుస్తున్న మా మగవాళ్లను నీవు చూస్తున్నావు. దాహానికి నీళ్లివ్వు. మాట్లాడే మనిషినివ్వు. ఒంటరితనంలో చెడ్డ తలంపు దగ్గరికి రానీయకు. నా భర్త నీ దగ్గర ఉన్నా, నేల మీద ఉన్నా మాకు తెలియజెయ్యి. తెలిసేదాకా ఈ ముసలి తండ్రి గుండె ఆగకుండా పట్టుకో. మేము మోయలేనిది నీవు మొయ్యి. మీ ఇంట్లో వినిపించేలా, గట్టిగానే అనండి.